యూఆర్‌ఎల్‌సెషన్‌లో సర్టిఫికెట్ చాలెంజ్ వస్తోంది, పాస్‌వర్డ్ చాలెంజ్ ఎందుకు రావడం లేదు?

తమ్ముడూ, నీ ప్రశ్న, కింద పెట్టిన కోడ్ రెండూ చదివాను. కొత్తగా చూసేవాళ్ల కోసం ముందు సంగతేంటో క్లుప్తంగా చెప్తాను. కర్నూలులో ఒక ఉల్లి మండీ వాళ్లకు ఐఫోన్ యాప్ చేస్తున్నావు. యార్డులో కాటా అయిన వెంటనే గుమాస్తా తూకం చీటీ ఫోటో తీసి, బస్తాల లెక్క కొట్టి పంపితే దుకాణంలోని కంప్యూటర్‌కు చేరాలి. ఆ కంప్యూటర్ మీద ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ ఉంది. అది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. సర్టిఫికెట్ మీరే తయారు చేసుకున్నారు. నువ్వు ముఖ్యంగా అడిగినవి మూడు. డెలిగేట్ సర్టిఫికెట్ దగ్గర ఆగుతోంది, పాస్‌వర్డ్ దగ్గర మాత్రం ఆగకుండా నేరుగా 401 (అనుమతి లేదనే సర్వర్ జవాబు) వచ్చి పడుతోంది, ఎందుకని? ఒక్కోసారి చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఎర్రర్ కూడా రాదు, ఎందుకని? నెట్‌లో దొరికిన నాలుగు లైన్ల కోడ్ పెడితే అన్నీ పని చేస్తున్నాయి, అదే పెట్టి ఇచ్చేయొచ్చా?

మూడోదానికి జవాబు ముందే చెప్తున్నా: ఇవ్వొద్దు. ఎందుకో వివరంగా కింద చెప్తాను. (పేర్లన్నీ తెలుగులోనే రాస్తున్నాను. ఎక్స్‌కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు కొడితే మిగతాది అదే చూపిస్తుంది కాబట్టి నీకు ఇబ్బంది ఉండదు.)

చాలెంజ్ అంటే, నెట్‌వర్క్ పనులు చూసే యూఆర్‌ఎల్‌సెషన్ మధ్యలో ఆగి మన డెలిగేట్‌ను (అది పిలవడానికి మనం రాసిచ్చే ఆబ్జెక్ట్‌ను) అడిగే ప్రశ్న. ఈ వ్యవహారంలో చాలామంది తడబడేది ఒకే చోట. ఒకే రకం ఫంక్షన్‌లోకి రెండు వ్యతిరేకమైన ప్రశ్నలు వస్తాయి. మీ యార్డే తీసుకో. గేటు దగ్గర మనిషి లారీ ఆపి "ఎవరి సరుకు, చీటీ ఏది?" అని అడుగుతాడు. లోపలికి పోయాక రైతు బస్తాలు దించే ముందు "ఈ కాటా సరిగ్గా ఉందా?" అని చూసుకుంటాడు. మొదటిది వాళ్లు మనల్ని తనిఖీ చేయడం, రెండోది మనం వాళ్లను తనిఖీ చేయడం. బేసిక్, డైజెస్ట్, ఎన్‌టీఎల్‌ఎం (మూడూ పాస్‌వర్డ్ అడిగే పద్ధతులే), క్లయింట్ సర్టిఫికెట్ అన్నీ మొదటి రకం. సర్వర్ ట్రస్ట్, అంటే సర్వర్ చూపించిన సర్టిఫికెట్‌ను నమ్మాలా వద్దా అనేది, ఒక్కటే రెండో రకం. ఆపిల్ వాళ్లు ఈ రెంటికీ "అథెంటికేషన్ చాలెంజ్" అని ఒకే పేరు పెట్టారు. దాంతో సర్వర్ ట్రస్ట్ వచ్చినప్పుడు కూడా "సరే సరే, దారి ఇవ్వు" అని చెప్పడమే మన పని అనుకుంటాం. నెట్‌లో నీకు దొరికిన నాలుగు లైన్లు చేసేది అదే. సర్వర్ చూపించిన ట్రస్ట్ ఆబ్జెక్ట్‌తోనే ఒక క్రెడెన్షియల్ (చాలెంజ్‌కు మనం ఇచ్చే జవాబు) తయారు చేసి, ఏమీ చూడకుండా తిరిగి ఇచ్చేస్తుంది. కాటా వైపు చూడకుండానే బస్తాలన్నీ దించేసినట్టు.

పైగా వరుస కూడా గమనించు. కనెక్షన్ కుదిరేటప్పుడు ముందు సర్వర్ ట్రస్ట్ వస్తుంది, ఆ తర్వాతే రిక్వెస్ట్ పోతుంది, అప్పుడు 401 వస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. అంటే మొదటిదానికి కళ్లు మూసుకుని తల ఊపితే, రెండో అడుగులో అవతల ఎవరున్నా వాళ్ల చేతికి పాస్‌వర్డ్ వెళ్తుంది. బేసిక్ పద్ధతిలో యూజర్‌నేమ్, కోలన్, పాస్‌వర్డ్ కలిపి బేస్64లోకి మార్చి పంపుతారు, అంతే. అది తాళం కాదు, ఎవరైనా ఒక్క క్షణంలో వెనక్కి తిప్పగలరు. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఈ పద్ధతి ఉంది, ఇది సురక్షితం కాదనే మాట కూడా అందులోనే ఉంది. టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను గుప్తంగా ఉంచే పొర) దాన్ని కాపాడుతుంది గనుకే ఈరోజుకూ వాడుతున్నాం. ఆ టీఎల్‌ఎస్ తనిఖీనే తీసేస్తే ఇంకేం మిగిలింది? యార్డులో పది మంది వాడే వైఫై మీద ఎవడైనా ఒక ల్యాప్‌టాప్‌తో మీ దుకాణం కంప్యూటర్‌లా నటించగలడు.

ఇప్పుడు నీ అసలు సమస్య. డెలిగేట్‌లో చాలెంజ్ కోసం రెండు మెథడ్లు ఉన్నాయి, పేర్లు దాదాపు ఒకటే. ఒకటి సెషన్ స్థాయిది: యూఆర్‌ఎల్‌సెషన్, డిడ్ రిసీవ్, కంప్లీషన్ హ్యాండ్లర్. రెండోది టాస్క్ స్థాయిది: అవే మాటల మధ్య "టాస్క్" అనే ఆర్గ్యుమెంట్ అదనం. నువ్వు రాసింది మొదటిది మాత్రమే. సర్వర్ ట్రస్ట్, క్లయింట్ సర్టిఫికెట్, ఎన్‌టీఎల్‌ఎం, నెగోషియేట్, ఈ నాలుగూ సెషన్ స్థాయికి వస్తాయి. సెషన్ మెథడ్ నువ్వు రాయకపోతే ఇవి కూడా టాస్క్ మెథడ్‌కే పోతాయి. కానీ బేసిక్, డైజెస్ట్ లాంటివి ఎప్పుడూ టాస్క్ మెథడ్‌కే వస్తాయి. అది లేకపోతే "పోనీలే, సెషన్ మెథడ్ ఉంది కదా" అని అటు పంపడం ఉండదు. సిస్టమ్ తనకు తెలిసింది చేస్తుంది, దాచిపెట్టిన పాస్‌వర్డ్ ఏమీ లేదు కాబట్టి 401ను అలాగే నీ చేతిలో పెడుతుంది. నీకు జరిగింది అదే. దీనికి కంపైలర్ ఏ హెచ్చరికా ఇవ్వదు, ఎందుకంటే రెండూ ఐచ్ఛికమైనవే. నేను కూడా ఎన్‌ఎస్‌యూఆర్‌ఎల్‌కనెక్షన్ నుంచి 2013లో ఐఓఎస్ 7తో వచ్చిన ఈ కొత్త పద్ధతికి మారినప్పుడు ఇక్కడే ఒక పూట పోగొట్టుకున్నాను.

అందుకే నా అలవాటు ఏమిటంటే, చిన్న యాప్ అయితే సెషన్ మెథడ్ అసలు రాయను. టాస్క్ మెథడ్ ఒక్కటే రాసి, అందులో ప్రొటెక్షన్ స్పేస్‌లోని (ఏ సర్వర్ ఏ పద్ధతిలో అడుగుతోందో చెప్పే ఆబ్జెక్ట్‌లోని) అథెంటికేషన్ మెథడ్ మీద స్విచ్ పెడతాను. అన్నీ ఒకే చోటికి వస్తాయి, చదివేవాడికి కూడా సులువు. ఇంకో మాట. యూఆర్‌ఎల్‌సెషన్ డాట్ షేర్డ్ వాడితే సెషన్‌కు డెలిగేట్ పెట్టే వీలే ఉండదు, మన సెషన్ మనమే తయారు చేసుకోవాలి. నువ్వు ఆ తప్పు చేయలేదు. అయితే "నేను కంప్లీషన్ హ్యాండ్లర్ ఉన్న డేటాటాస్క్ వాడుతున్నా, డెలిగేట్ పిలవదేమో" అని అనుమానపడ్డావు కదా, అది నిజం కాదు. ఆ రకం టాస్కుల్లో రెస్పాన్స్, డేటా డెలిగేట్లు పిలవరు గానీ చాలెంజ్ డెలిగేట్లను పిలుస్తారు.

చక్రం తిరుగుతూ ఉండిపోయే సంగతి నీ కోడ్‌లోనే కనిపిస్తోంది. సర్టిఫికెట్ సరిపోకపోతే ఒక ప్రింట్ కొట్టి, రిటర్న్ అయిపోతున్నావు. మన జవాబును సిస్టమ్‌కు చేరవేసే కంప్లీషన్ హ్యాండ్లర్‌ను పిలవలేదు. ఏ దారిలో పోయినా దాన్ని ఒక్కసారి పిలిచి తీరాలి, రెండుసార్లు పిలవకూడదు. పిలవకపోతే ఆ రిక్వెస్ట్ నీ జవాబు కోసం అక్కడే కూర్చుంటుంది. గుమాస్తా ఫోన్ దుకాణం వైఫై వదిలి పక్క దుకాణం వైఫైకి మారినప్పుడు అదే ఐపీ మీద ఇంకేదో పరికరం పలికి ఉంటుంది, దాని సర్టిఫికెట్ నీదానితో కలవదు, నీ కోడ్ మౌనంగా ఉండిపోతుంది. "ఒక్కోసారి" అన్నావు కదా, ఆ ఒక్కోసారి ఇదే అని నా అంచనా. స్విఫ్ట్‌లో ఈ మెథడ్లకు అసింక్ రూపం కూడా ఉంది. అందులో రిటర్న్ చేయకుండా బయటపడలేవు కాబట్టి ఈ పొరపాటు కంపైలర్ దగ్గరే దొరికిపోతుంది. కొత్త కోడ్ అయితే అదే రాయి.

జవాబు చెప్పడానికి నాలుగు దారులున్నాయి. యూజ్ క్రెడెన్షియల్ అంటే ఇదిగో నేనిచ్చేది వాడు అని. పర్‌ఫార్మ్ డిఫాల్ట్ హ్యాండ్లింగ్ అంటే నేను లేననుకుని నీ పద్ధతిలో నువ్వు పో అని. క్యాన్సిల్ అంటే మొత్తం రిక్వెస్ట్ ఆపేయ్ అని. రిజెక్ట్ ప్రొటెక్షన్ స్పేస్ అంటే ఈ పద్ధతి వద్దు, సర్వర్ ఇంకో పద్ధతి చెప్పి ఉంటే అది చూడు అని. నాలుగోదాన్ని చాలామంది "నాకు సంబంధం లేదు" అనే అర్థంలో వాడేస్తారు, అది పొరపాటు. సంబంధం లేనిదానికి డిఫాల్టే సరైనది. స్విచ్ చివర డిఫాల్ట్ కేసులో కళ్లు మూసుకుని పర్‌ఫార్మ్ డిఫాల్ట్ హ్యాండ్లింగ్ పెట్టు. మండీలో కళ్లు మూసుకుని చేయదగ్గ పని అదొక్కటే.

ఇక బేసిక్ కేసులో మూడు విషయాలు చూడాలి. మొదట హోస్ట్. చాలెంజ్ ఎవరి నుంచి వచ్చిందో ప్రొటెక్షన్ స్పేస్‌లో ఉంటుంది, అది మీ సర్వర్ కాకపోతే పాస్‌వర్డ్ ఇవ్వకు. రీడైరెక్ట్ అయి ఇంకెక్కడికో పోయినప్పుడు ఇదే కాపాడుతుంది. రెండు, ప్రీవియస్ ఫెయిల్యూర్ కౌంట్. అది సున్నా కంటే ఎక్కువైతే నువ్విచ్చిన పాస్‌వర్డ్ ఇప్పటికే ఒకసారి తిరస్కరించారని అర్థం. దాన్ని చూడకుండా మళ్లీ అదే ఇస్తే సర్వర్ మళ్లీ అడుగుతుంది, నువ్వు మళ్లీ ఇస్తావు. గుమాస్తా ఒక్కసారి తప్పు కొడితే సర్వర్ లాగ్‌లో వరుసగా బోలెడు 401లు పడతాయి. ఫెయిల్2బ్యాన్ లాంటిది (పదేపదే తప్పు కొట్టే ఐపీని అడ్డుకునేది) ఉంటే ఆ ఫోన్‌కు దారి మూసేస్తుంది. మూడు, తప్పు పాస్‌వర్డ్ అయినప్పుడు ఎలా బయటపడాలి అన్నది. నీలాంటి వాళ్లందరూ క్యాన్సిల్ కొడతారు. దానివల్ల నీ చేతికి మైనస్ 999 ఎర్రర్ వస్తుంది. స్క్రీన్ మూసినప్పుడు నువ్వే టాస్క్ రద్దు చేస్తే వచ్చేది కూడా అదే 999. రెండూ కలిసిపోతాయి, "పాస్‌వర్డ్ తప్పు" అని చూపించాల్సిన చోట ఏమీ చూపించలేవు. దానికి బదులు యూజ్ క్రెడెన్షియల్ అని చెప్పి క్రెడెన్షియల్ స్థానంలో నిల్ ఇవ్వు. అప్పుడు 401 మామూలు రెస్పాన్స్‌లా వస్తుంది, దాన్ని చూసి లాగిన్ స్క్రీన్ తెరవొచ్చు.

క్రెడెన్షియల్ తయారు చేసేటప్పుడు పర్సిస్టెన్స్ (దాన్ని ఎంతకాలం దాచుకోవాలి) అని ఒకటి అడుగుతుంది. చాలా ఉదాహరణల్లో ఫర్ సెషన్ అని ఉంటుంది. మీ మండీలో ఒకే ఫోన్‌ను ఇద్దరు గుమాస్తాలు వాడతారని రాశావు, అందుకే చెప్తున్నా. మొదటివాడు లాగవుట్ అయి రెండోవాడు లాగిన్ అయినా, లోపల దాచిన మొదటివాడి పేరుతోనే చీటీలు ఎక్కొచ్చు. సాయంత్రం లెక్కల దగ్గర గొడవ. నేనైతే ఎఫెమరల్ (డిస్క్ మీద ఏమీ దాచని) కాన్ఫిగరేషన్‌తో సెషన్ చేసి, లాగవుట్ అయినప్పుడు ఆ సెషన్‌నే ఇన్‌వ్యాలిడేట్ చేసి కొత్తది తయారు చేస్తాను. అలా చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. సెషన్ తన డెలిగేట్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఇన్‌వ్యాలిడేట్ చేసేదాకా వదలదు. పాస్‌వర్డ్ దాచే చోటు కీచైన్, యూజర్‌డిఫాల్ట్స్ కాదు. ఇది నీకు తెలిసే ఉంటుంది.

ఫోటో అప్‌లోడ్ గురించి ఒక చిన్న చిక్కు. ఫోటో మొత్తం పంపాక సర్వర్ 401 అంటే, పాస్‌వర్డ్‌తో మళ్లీ మొత్తం పంపాలి. సిగ్నల్ సరిగా లేని చోట అది పెద్ద భారం. నువ్వు ఫైలు నుంచి అప్‌లోడ్ చేస్తే ఆ రెండోసారి సంగతి సిస్టమే చూసుకుంటుంది. స్ట్రీమ్‌గా పంపితే మాత్రం ఒకసారి చదివేసిన స్ట్రీమ్ మళ్లీ పనికిరాదు కదా, నీడ్ న్యూ బాడీ స్ట్రీమ్ అనే డెలిగేట్ మెథడ్ ద్వారా కొత్తది అడుగుతుంది. అది రాయకపోతే అప్‌లోడ్ అక్కడితో సరి.

సర్టిఫికెట్ విషయానికొద్దాం. నీ సర్టిఫికెట్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పదేళ్లకు చేశానన్నావు. ఐఓఎస్ 13 నుంచి ఆపిల్ నియమాలు మారాయి. 2019 జులై 1 తర్వాత ఇచ్చిన సర్వర్ సర్టిఫికెట్ గడువు 825 రోజులకు మించకూడదు. పేరు కామన్ నేమ్‌లో ఉంటే సరిపోదు, సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్‌లో ఉండాలి. కాబట్టి ఎలాగూ దాన్ని మళ్లీ చేయాల్సిందే. మళ్లీ చేసేటప్పుడు సొంతది మానేయమని నా సలహా. ఒక డొమైన్ కొనండి. దాని కింద ఒక పేరును దుకాణం కంప్యూటర్ లోపలి ఐపీకి చూపించండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో ఉచితంగా సర్టిఫికెట్ తీసుకోండి. కంప్యూటర్ బయటి ఇంటర్నెట్‌కు కనబడాల్సిన పని లేదు, డీఎన్‌ఎస్-01 అనే పద్ధతిలో డీఎన్‌ఎస్‌లో ఒక టెక్స్ట్ రికార్డు పెట్టి ఆ పేరు మీ చేతిలో ఉందని నిరూపిస్తే చాలు. గడువు 90 రోజులు, సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ తనంతట తానే రెన్యూ చేస్తుంది. అప్పుడు యాప్‌లో సర్వర్ ట్రస్ట్ కోసం నువ్వు ఒక్క లైను కూడా రాయక్కర్లేదు, డిఫాల్ట్‌కు వదిలేస్తే ఫోనే సరిగ్గా తనిఖీ చేస్తుంది.

సేట్ డొమైన్ ఖర్చుకు ఒప్పుకోకపోతే రెండో దారి: సొంత రూట్ సర్టిఫికెట్ ఒకటి చేసి యాప్‌లో పెట్టడం. ట్రస్ట్ ఆబ్జెక్ట్‌కు దాన్ని యాంకర్‌గా (నమ్మకానికి ఆధారంగా) ఇచ్చి, సెక్‌ట్రస్ట్ ఎవాల్యుయేట్ విత్ ఎర్రర్ పిలిచి, అది సరే అంటేనే యూజ్ క్రెడెన్షియల్. పాత సెక్‌ట్రస్ట్ ఎవాల్యుయేట్ ఐఓఎస్ 13లోనే పక్కన పెట్టేశారు, దాన్ని వాడే ఉదాహరణలు చూస్తే పాతవని గుర్తుపట్టు. ఒక్క మాట, డెలిగేట్‌లో నువ్వు ఒప్పుకున్నంత మాత్రాన ఏటీఎస్ (యాప్ కనెక్షన్లకు ఆపిల్ పెట్టిన భద్రతా నియమాలు) ఒప్పుకోదు, ఇన్ఫో ప్లిస్ట్ అనే యాప్ సెట్టింగుల ఫైలులో మినహాయింపు కావాలి. ఆ మినహాయింపు మీ సర్వర్ వరకే ఇవ్వు. అన్నిటికీ తలుపులు తెరిచే కీ ఒకటుంది, దాని జోలికి పోకు. ఇంకోటి, ఐఓఎస్ 14 నుంచి లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రంతో మాట్లాడాలంటే ఫోన్ వాడేవాడి అనుమతి అడుగుతుంది. గుమాస్తా కంగారులో "వద్దు" నొక్కితే నీ చాలెంజ్ కోడ్ దాకా అసలు రాదు.

"పిన్నింగ్ చేస్తే ఇంకా గట్టిగా ఉంటుందా అన్నా?" అని చివర్లో అడిగావు. పిన్నింగ్ అంటే ఫలానా సర్టిఫికెట్ లేదా కీ ఉన్న సర్వర్‌నే యాప్ నమ్మేలా కట్టేయడం. గట్టిగానే ఉంటుంది, మనల్ని కూడా బయటే ఉంచేంత గట్టిగా. నేను బెంగళూరులో పనిచేసేటప్పుడు ఒక కంపెనీ యాప్‌కు సర్వర్ సర్టిఫికెట్‌నే పిన్ చేశాను. నా పని నాకు చాలా నచ్చింది. ఆ సంక్రాంతికి అనంతపురం వచ్చాను. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ ముందు కూర్చుని ఉండగా ఫోన్ మోగడం మొదలైంది. రాత్రి సర్వర్ వాళ్లు సర్టిఫికెట్ రెన్యూ చేశారు. వాళ్ల వైపు నుంచి అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. నా యాప్ మాత్రం కొత్త సర్టిఫికెట్‌ను దొంగ అనుకుని తిప్పి పంపుతోంది. కొత్త వెర్షన్ పెట్టి, రివ్యూ అయి, జనం అప్‌డేట్ చేసుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమే. ఆ ఉగ్గాని చల్లారిపోయింది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి పిన్ చేయాల్సి వస్తే పబ్లిక్ కీ హ్యాష్ మాత్రమే పిన్ చేస్తాను, పక్కన ఇంకో బ్యాకప్ కీ హ్యాష్ కూడా పెడతాను. ఐఓఎస్ 14 నుంచి ఇన్ఫో ప్లిస్ట్‌లోనే ఎన్‌ఎస్‌పిన్డ్‌డొమైన్స్ కింద రాసుకోవచ్చు, కోడ్ అక్కర్లేదు. సర్ట్‌బాట్ మామూలుగా ప్రతి రెన్యూవల్‌కు కొత్త కీ చేస్తుంది, కాబట్టి పిన్ చేసినవాడు రీయూజ్ కీ ఆప్షన్ పెట్టుకోవాలి. మీ మండీ యాప్‌కు ఇదంతా అవసరం లేదని నా అభిప్రాయం.

రేపు బేసిక్ వదిలి టోకెన్ (లాగిన్ అయ్యాక సర్వర్ ఇచ్చే అనుమతి చీటీ) పద్ధతికి మారతానన్నావు. అప్పుడు ఈ డెలిగేట్ నీకు సాయం చేయదు. బేరర్ టోకెన్‌కు యూఆర్‌ఎల్‌సెషన్ చాలెంజ్ పంపదు, 401 మామూలు రెస్పాన్స్‌గానే వస్తుంది. దాన్ని పట్టుకుని, టోకెన్ రిఫ్రెష్ చేసి, రిక్వెస్ట్ మళ్లీ పంపే పని నీ నెట్‌వర్క్ లేయర్‌దే. అక్కడ ఒకే ఒక్క జాగ్రత్త. స్క్రీన్ తెరవగానే ఐదు రిక్వెస్టులు పోయి ఐదింటికీ 401 వస్తే, ఐదు రిఫ్రెష్‌లు పోకూడదు. వాడిన రిఫ్రెష్ టోకెన్ మళ్లీ చెల్లని సర్వర్ అయితే మొదటిది గెలుస్తుంది, మిగతా నాలుగు గుమాస్తాను లాగవుట్ చేస్తాయి. ఒక యాక్టర్ (తన డేటాను ఒకసారికి ఒకరికే తాకనిచ్చే స్విఫ్ట్ రకం) లోపల నడుస్తున్న రిఫ్రెష్ టాస్క్‌ను దాచుకుని, తర్వాత వచ్చినవాళ్లు దాని కోసమే ఆగేలా రాయి. రిఫ్రెష్ కూడా 401 అంటే ఇక లాగిన్ స్క్రీనే, మళ్లీ ప్రయత్నించకు.

ఆండ్రాయిడ్ వెర్షన్ మీ స్నేహితుడు చేస్తున్నాడు కదా, అతనికి రెండు ముక్కలు. ఓకేహెచ్‌టీటీపీ అనే నెట్‌వర్క్ లైబ్రరీలో 401 కోసం అథెంటికేటర్ అనే ఇంటర్‌ఫేస్ ఉంది, ప్రాక్సీ 407 కోసం అదే ఇంటర్‌ఫేస్‌ను వేరుగా పెట్టాలి. కొత్త హెడర్‌తో రిక్వెస్ట్ తిరిగి ఇస్తే మళ్లీ పంపుతుంది, నల్ ఇస్తే ఆపేస్తుంది. ఇక్కడ ఫెయిల్యూర్ కౌంట్ ఎవరూ ఇవ్వరు, ప్రయర్ రెస్పాన్స్ గొలుసు పట్టుకుని మనమే లెక్కపెట్టాలి. లెక్కపెట్టకపోతే 20 సార్లు తిరిగాక అదే విసిగిపోయి ఎక్సెప్షన్ విసురుతుంది. సొంత రూట్ సర్టిఫికెట్ అయితే దాన్ని ఫోన్ సెట్టింగుల్లో వేస్తే సరిపోదు. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు అలా వేసినవాటిని మామూలుగా నమ్మవు. నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్ ఫైలులో రాయాలి. ఖాళీ ట్రస్ట్ మేనేజర్ (ఏ సర్టిఫికెట్‌నైనా ఒప్పేసుకునేది) రాయొద్దని చెప్పు. నీకు దొరికిన నాలుగు లైన్లకు అది అన్నదమ్ముల వరస.

మార్చాక పరీక్షించడానికి దుకాణం దాకా పోనక్కర్లేదు. బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్‌లో గడువు దాటినవి, సొంతంగా సంతకం చేసుకున్నవి, తప్పు పేరున్నవి, రకరకాల చెడ్డ సర్టిఫికెట్లు పెట్టి ఉన్నాయి. నీ యాప్ వాటిలో ఒక్కదానికైనా కనెక్ట్ అయిందంటే ఎక్కడో కాటా చూడకుండా బస్తాలు దించుతున్నావని అర్థం. పాస్‌వర్డ్ వైపు చూడటానికి హెచ్‌టీటీపీబిన్‌లో బేసిక్ ఆథ్ చిరునామా ఉంది. పరీక్షించేటప్పుడు రెండో రిక్వెస్ట్‌కు సర్వర్ ట్రస్ట్ మళ్లీ రాలేదని కంగారుపడకు, పాత కనెక్షన్‌నే వాడుతోంది.

టాస్క్ మెథడ్ మొదటి లైనులోనే హోస్ట్, అథెంటికేషన్ మెథడ్, ఫెయిల్యూర్ కౌంట్ ప్రింట్ చేయి. సర్వర్ ట్రస్ట్ ఒకసారి, ఆ తర్వాత బేసిక్ సున్నా కౌంట్‌తో ఒకసారి కనిపించాలి. అలా కనిపించాక కూడా 401 వస్తుంటే ఆ ప్రింట్లు, ఎన్‌జింక్స్ లాగ్‌లోని పది లైన్లు ఇక్కడ పెట్టు, చూస్తాను. పెట్టేటప్పుడు ఆథరైజేషన్ హెడర్ చెరిపెయ్. నీ మొదటి పోస్టులో అది అలాగే ఉంది. మండీ పాస్‌వర్డ్ నాకు ఇప్పుడు తెలుసు, ఈ పూటే మార్పించు.